డిస్క్ మీద ఎవరు పడ్డారు? పోస్ట్‌గ్రెస్ కొత్త వ్యూలను చదవడం ఎలా

డేటాబేస్ స్లో అయిందని ఫోన్ వస్తే ఎవరైనా ముందు చూసేది డిస్క్ ఎంత బిజీగా ఉందనే. అది తెలుసుకోవడం సులువే. ఇబ్బందంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే. డిస్క్‌ను ఇంతలా వాడేస్తున్నది ఎవరు? అప్లికేషన్ పంపే క్వెరీలా, పాత వరుసలను శుభ్రం చేస్తూ వెనకాల నడిచే ఆటోవాక్యూమా, చెక్‌పాయింటా, రాత్రి మొదలుపెట్టి తెల్లారినా అవ్వని రిపోర్టా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చాలా ఏళ్లపాటు దీనికి సూటి జవాబు దొరికేది కాదు. అనుభవం ఉన్న డీబీఏలు (డేటాబేస్ నిర్వాహకులు) నాలుగైదు చోట్ల అంకెలు చూసి ఓ అంచనాకు వచ్చేవారు. అంచనా కుదరకపోతే ర్యామ్ పెంచమని అడిగేవారు.

2023 సెప్టెంబరులో విడుదలైన 16వ వెర్షన్‌తో పీజీ_స్టాట్_ఐఓ అనే వ్యూ (పట్టికలా క్వెరీ చేసి చదువుకునేది) వచ్చింది. 2024లో 17, 2025లో 18 దానికి కొన్ని కలిపాయి, కొన్ని మార్చాయి. పేరు చూస్తే ఇదీ ఇంకో గణాంకాల పట్టికే అనిపిస్తుంది. నిజానికి ఇందులోని అంకెల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో ముందే ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకే కుప్పగా ఉండేవి. ఆ కుప్పను విడదీసి ఎవరి ఖాతాలో ఎంత అన్నది చూపించడమే ఈ వ్యూ చేసిన పని. అప్‌గ్రేడ్ చేసేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది: 18కి వచ్చేసరికి అదే పేరున్న కాలమ్‌కు అర్థం మారింది.

పాత లెక్కలో చిక్కు

పోస్ట్‌గ్రెస్ టేబుళ్లను 8 కేబీ బ్లాకులుగా దాచుకుంటుంది. ఏ బ్లాక్ కావాలన్నా ముందు షేర్డ్ బఫర్స్ అనే మెమరీలోకి రావాలి. డిఫాల్ట్‌గా దీని సైజు 128 ఎంబీ. అది నిండిపోయాక కొత్త బ్లాక్‌కు చోటు కావాలంటే పాతదాన్ని ఖాళీ చేయించాలి. ఆ పాత బ్లాక్‌లో డిస్క్‌కు ఇంకా చేరని మార్పులు ఉంటే, ముందు దాన్ని రాసి ఆ తర్వాత ఖాళీ చేయాలి.

ఈ రాసే పనికి ఇద్దరు ప్రత్యేకంగా ఉన్నారు. చెక్‌పాయింటర్ నిర్ణీత వ్యవధిలో మారిన బ్లాకులన్నీ డిస్క్‌కు చేరుస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ త్వరలో ఖాళీ చేయాల్సి వచ్చే బ్లాకులను ముందుగానే కొంచెం కొంచెం రాసి పెడుతుంది. ఇద్దరికీ అందనంత రద్దీ ఉంటే, యూజర్ క్వెరీ నడిపిస్తున్న బ్యాకెండ్ ప్రాసెసే ఆగి, ఎవరో మార్చిన బ్లాక్‌ను తాను రాసి, ఆ తర్వాత తన పని చూసుకుంటుంది. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి అనవసరంగా ఆలస్యమయ్యేది ఇక్కడే.

ఇది జరుగుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఉన్న దారి పీజీ_స్టాట్_బీజీరైటర్ వ్యూలో బఫర్స్_బ్యాకెండ్ అనే కాలమ్. అది పెరుగుతోందంటే షేర్డ్ బఫర్స్ చాలట్లేదని అందరూ చెప్పేవారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క అంకెలో ఎన్ని కలిసిపోయాయో చూడండి. బ్యాకెండ్ గత్యంతరం లేక రాసిన బ్లాకులు అందులోనే. కొత్త వరుసలు చేర్చడానికి టేబుల్‌ను పొడిగించినప్పుడు పుట్టిన బ్లాకులూ అందులోనే. ఆటోవాక్యూమ్ రాసినవి, కాపీ కమాండ్‌తో డేటా పెద్దమొత్తంలో ఎక్కించినప్పుడు రాసినవి కూడా అందులోనే. మొదటిది సమస్య. మిగతావి చాలావరకు మామూలు పనులే. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే నీటి మీటర్ పెట్టి, బిల్లు పెరిగిందని అందరినీ ట్యాంకర్‌కు డబ్బులు వేసుకోమన్నట్టు ఉండేది వ్యవహారం. పీజీ_స్టాట్_ఐఓ ఫ్లాట్‌కో మీటర్ పెట్టింది.

హిట్ రేషియో సంగతీ అంతే. పీజీ_స్టాట్_డేటాబేస్‌లో బ్లాకులు ఎన్ని మెమరీలో దొరికాయి, ఎన్ని బయటినుంచి తేవాల్సి వచ్చింది అని రెండు కాలమ్‌లు ఉంటాయి. భాగిస్తే శాతం వస్తుంది. 99 కన్నా తగ్గితే టెన్షన్ పడాలని ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ నమ్మకం బాగా నాటుకుపోయింది. రాత్రి ఒక్క పెద్ద రిపోర్టు నడిస్తే చాలు, ఆ శాతం పడిపోతుంది. పగటి క్వెరీలు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నా సరే.

ఈ విడదీత ముందే ఎందుకు చేయలేదన్న అనుమానం సహజమే. 14వ వెర్షన్ వరకు ప్రతి ప్రాసెస్ తన లెక్కలను యూడీపీ ప్యాకెట్లుగా స్టాటిస్టిక్స్ కలెక్టర్ అనే మరో ప్రాసెస్‌కు పంపేది. అది వాటిని ఫైళ్లలో రాసేది. రద్దీ ఎక్కువైతే ప్యాకెట్లు పోయే అవకాశం ఉండేది. అంటే లెక్కలు ఖచ్చితంగా కావాల్సిన సమయంలోనే వాటిని నమ్మలేని పరిస్థితి. 2022లో వచ్చిన 15వ వెర్షన్ ఆ కలెక్టర్‌ను తీసేసి లెక్కలన్నిటినీ షేర్డ్ మెమరీలోకి తెచ్చింది. మెలానీ ప్లేగ్‌మన్ ప్రధానంగా రాసిన పీజీ_స్టాట్_ఐఓ ఆ పునాది మీదే నిలబడింది.

ఎవరు, దేని మీద, ఎందుకు

ఈ వ్యూలో ప్రతి వరుసకూ మూడు గుర్తింపులు ఉంటాయి. బ్యాకెండ్_టైప్ అంటే పని చేసినది ఎవరు: క్లయింట్ బ్యాకెండ్, ఆటోవాక్యూమ్ వర్కర్, చెక్‌పాయింటర్, బ్యాక్‌గ్రౌండ్ రైటర్, వాల్ సెండర్ వగైరా. ఆబ్జెక్ట్ అంటే దేని మీద: మామూలు టేబుళ్లు, ఇండెక్సులా, లేక టెంపరరీ టేబుళ్లా. మూడోది కాంటెక్స్ట్. అసలు సరుకంతా ఇందులోనే ఉంది.

కాంటెక్స్ట్ నార్మల్ అని ఉంటే బ్లాకులు షేర్డ్ బఫర్స్‌లో మామూలుగా తిరిగాయని. బల్క్‌రీడ్, బల్క్‌రైట్, వాక్యూమ్ అనేవి వేరు. షేర్డ్ బఫర్స్‌లో నాలుగో వంతు కన్నా పెద్ద టేబుల్‌ను మొదటినుంచి చివరిదాకా చదవాల్సి వస్తే, పోస్ట్‌గ్రెస్ ఆ క్వెరీకి మొత్తం మెమరీని అప్పగించదు. ఓ చిన్న రింగ్ ఇచ్చి, అందులోనే తిప్పి తిప్పి వాడుకోమంటుంది. 16లో ఈ రింగ్ 256 కేబీ, అంటే 32 బ్లాకులు. ఒక్క రిపోర్టు అందరి డేటానూ మెమరీలోంచి తరిమేయకుండా ఇది కాపాడుతుంది. రింగ్‌లోని బ్లాక్‌ను మళ్లీ వాడుకున్న ప్రతిసారీ రీయూజెస్ కాలమ్ పెరుగుతుంది. షేర్డ్ బఫర్స్‌లోంచి మరో బ్లాక్‌ను పంపించేస్తే ఎవిక్షన్స్ పెరుగుతుంది.

రాత్రి రిపోర్టు విషయానికే వద్దాం. అది నడిచాక క్లయింట్ బ్యాకెండ్, బల్క్‌రీడ్ వరుసలో రీడ్స్ 50 లక్షలు పెరిగాయనుకోండి. 16లో ఒక్కో రీడ్ 8 కేబీ కాబట్టి దాదాపు 40 జీబీ. రీయూజెస్ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. నార్మల్ వరుసలో హిట్స్, రీడ్స్ ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పుడు షేర్డ్ బఫర్స్‌ను 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచినా ఆ రిపోర్టు మాత్రం అదే చిన్న రింగ్‌లో తిరుగుతుంది. 40 జీబీ టేబుల్ 16 జీబీలో నాలుగో వంతు కన్నా ఎలాగూ పెద్దదే కదా. పెట్టిన డబ్బు వృథా. అక్కడ చేయాల్సింది ఇండెక్స్ గురించో, పార్టిషన్ గురించో, ఆ రిపోర్టు అసలు రోజూ నడవాలా అన్నదాని గురించో ఆలోచించడం.

ఇంకో వివరం. కొన్ని గడులు ఖాళీగా, నల్‌గా కనిపిస్తాయి. నల్‌ను సున్నా అనుకోకూడదు. సున్నా అంటే జరగవచ్చు గానీ ఇంతవరకు జరగలేదని. నల్ అంటే ఆ ప్రాసెస్ ఆ పని అసలు చేయదని. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ చదవదు కాబట్టి దాని రీడ్స్ నల్. టెంపరరీ టేబుళ్లను ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్‌కు చేరేలా చూడడం) చేయరు కాబట్టి అక్కడా నల్. క్లయింట్ బ్యాకెండ్ వరుసలో ఎఫ్‌సింక్స్ మాత్రం నల్ కాదు. అది సున్నాకు దగ్గరగా ఉంటేనే ఆరోగ్యం. ఎందుకంటే ఆ పని చెక్‌పాయింటర్‌ది.

పది నిమిషాల తేడా

ఇవన్నీ పోగుపడుతూ పోయే అంకెలు. చివరిసారి రీసెట్ చేసినప్పటి నుంచి మొత్తం అన్నమాట. అందుకే ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. ఇప్పుడొకసారి, పది నిమిషాలాగి ఇంకోసారి తీసి, తేడా చూడాలి.

ఊహకు ఓ ఉదాహరణ తీసుకుందాం. పది నిమిషాల తేడాలో క్లయింట్ బ్యాకెండ్, నార్మల్ వరుసలో రైట్స్ 2,10,000, ఎక్స్‌టెండ్స్ 4,000, ఎవిక్షన్స్ 2,60,000. ఆటోవాక్యూమ్ వర్కర్, వాక్యూమ్ వరుసలో రైట్స్ 35,000. చెక్‌పాయింటర్ రైట్స్ 60,000. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ రైట్స్ 2,95,000.

పాత పద్ధతిలో అయితే బ్యాకెండ్ రైట్స్, ఎక్స్‌టెండ్స్, ఆటోవాక్యూమ్ రైట్స్ మూడూ కలిసి 2,49,000 అన్న ఒక్క అంకెగా కనిపించేవి. ఇప్పుడు ఎక్స్‌టెండ్స్ పక్కన పెట్టేయొచ్చు, కొత్త డేటా వస్తే టేబుల్ పెరగాల్సిందే. ఆటోవాక్యూమ్ రాతలు కూడా దాని రింగ్‌లో జరిగినవే. మిగిలింది ఆ 2,10,000. అది నిజమైన సమస్య. పది నిమిషాల్లో అన్నిసార్లు యూజర్ క్వెరీలు ఆగి, వేరే బ్లాకులు రాశాయి.

ఇక బ్యాక్‌గ్రౌండ్ రైటర్ అంకె చూడండి. డిఫాల్ట్ సెట్టింగుల ప్రకారం అది ఒక విడతలో 100 బ్లాకులకు మించి రాయదు, విడతకూ విడతకూ మధ్య 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. అంటే సెకనుకు 500 బ్లాకులు, దాదాపు 4 ఎంబీ. పది నిమిషాలకు లెక్కేస్తే గరిష్ఠం 3,00,000. రాసే సమయం కూడా పోతుంది కాబట్టి 2,95,000 అంటే పైకప్పుకు తల తగిలినట్టే. పీజీ_స్టాట్_బీజీరైటర్‌లో మ్యాక్స్‌రిటెన్_క్లీన్ అన్న కాలమ్ కూడా పెరుగుతుంటే ఇక సందేహం అక్కర్లేదు: పరిమితి అడ్డొచ్చి అది పని ఆపేస్తోంది. ఆ 100 బ్లాకుల హద్దు పెట్టే బీజీరైటర్_ఎల్‌ఆర్‌యూ_మ్యాక్స్‌పేజెస్ పెంచి కాన్ఫిగరేషన్ రీలోడ్ చేస్తే చాలు, సర్వర్ ఆపక్కర్లేదు. షేర్డ్ బఫర్స్ పెంచాలంటే మాత్రం రీస్టార్ట్ తప్పదు. ఆధునిక ఎస్‌ఎస్‌డీల ముందు సెకనుకు 4 ఎంబీ అనే హద్దు మరీ పాతకాలపు పొదుపని నా అభిప్రాయం.

ఇలా పెంచితే డిస్క్‌కు వెళ్లే మొత్తం రాతలు తగ్గవు. ఒక్కోసారి కాస్త పెరుగుతాయి కూడా. ఆ పని యూజర్ నెత్తి మీద నుంచి వెనకాలి ప్రాసెస్‌కు మారుతుందంతే. 2,60,000 ఎవిక్షన్స్ అంటే వాడుకలో ఉన్న డేటా మెమరీలో పట్టట్లేదని కూడా అర్థం కాబట్టి, తర్వాతి మెయింటెనెన్స్ సమయంలో షేర్డ్ బఫర్స్ సంగతీ చూడాల్సిందే. ఈసారి దానికి ఆధారం చేతిలో ఉంటుంది.

ఈ వ్యూలో దొరకనివి

కొత్తగా చూసేవాళ్లు తరచూ పొరబడేది టెంప్ రిలేషన్ అన్న వరుస దగ్గర. పెద్ద సార్టింగ్ వర్క్_మెమ్ అనే మెమరీ హద్దులో పట్టక డిస్క్ మీదికి పొంగినప్పుడు తయారయ్యే టెంపరరీ ఫైళ్లు అక్కడ ఉంటాయనుకుంటారు. ఉండవు. అది క్రియేట్ టెంప్ టేబుల్‌తో చేసిన టేబుళ్ల లెక్క. పొంగిన ఫైళ్ల లెక్క ఎప్పటిలాగే పీజీ_స్టాట్_డేటాబేస్‌లో టెంప్_ఫైల్స్, టెంప్_బైట్స్ దగ్గరే చూసుకోవాలి.

రీడ్ అంటే డిస్క్ దాకా వెళ్లిందనీ కాదు. పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగింది, అంతవరకే దానికి తెలుసు. లినక్స్ తన సొంత క్యాష్‌లోంచి ఇచ్చి ఉండొచ్చు. ఇది తేల్చుకోవడానికి పనికొచ్చేది సమయం కాలమ్‌లు. ట్రాక్_ఐఓ_టైమింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే అవి నిండుతాయి, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. సగటున ఒక్కో రీడ్‌కు కొన్ని మైక్రోసెకన్లే పడుతుంటే అది క్యాష్‌లోంచి వచ్చినట్టే. గడియారం చదవడం కొన్ని మెషీన్లలో ఖరీదైన పని కాబట్టి, ఆన్ చేసే ముందు పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీ_టెస్ట్_టైమింగ్ టూల్‌తో ఒకసారి చూసుకోవడం మంచిది.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఇంకోటి. రెండు గంటలుగా ఒక క్వెరీ నడుస్తోంది, డిస్క్ ఊగిపోతోంది, పీజీ_స్టాట్_ఐఓలో మాత్రం దాని జాడే లేదు. ప్రాసెస్ తన లెక్కలను పని ముగించి ఖాళీ అయ్యే ముందు మాత్రమే షేర్డ్ మెమరీకి చేరుస్తుంది, అదీ సెకనుకు ఒకసారికి మించకుండా. నడుస్తున్న క్వెరీ లెక్క అది ముగిశాక ఒక్కసారిగా వచ్చి పడుతుంది. గ్రాఫ్‌లో తెల్లవారుజామున 4కి పెద్ద శిఖరం కనిపిస్తే, ఆ పని 4కే జరిగిందనుకోకండి. 2 నుంచి జరుగుతూ ఉండి ఉంటుంది. అప్పటికప్పుడు తెలుసుకోవాలంటే పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెయిట్ ఈవెంట్లే (ప్రాసెస్ దేనికోసం ఆగిందో చెప్పే పేర్లు) దిక్కు. సర్వర్ క్రాష్ అయి లేస్తే ఈ లెక్కలన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. అందుకే గొడవ జరిగాక ఎందుకు జరిగిందో చూద్దామనుకునేవాళ్లు వీటిని ఎప్పటికప్పుడు బయట దాచుకోవాలి.

17లో సామాన్లు సర్దారు

17 మార్పులు ఎక్కువగా సర్దుబాటు పనులే, కానీ మానిటరింగ్ స్క్రిప్టులు విరిగేది ఇలాంటివాటితోనే. పీజీ_స్టాట్_బీజీరైటర్‌లో ఉన్న చెక్‌పాయింట్ కాలమ్‌లు పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్ అనే కొత్త వ్యూకి మారాయి, పేర్లూ మారాయి. చెక్‌పాయింట్స్_టైమ్డ్ కాస్తా నమ్_టైమ్డ్ అయింది. మనం ఇంతసేపు తిట్టుకున్న బఫర్స్_బ్యాకెండ్‌ను పూర్తిగా తీసేశారు. పీజీ_వెయిట్_ఈవెంట్స్ అని ఇంకో వ్యూ కూడా వచ్చింది. వెయిట్ ఈవెంట్ పేరు కనబడగానే దాని అర్థం కోసం డాక్యుమెంటేషన్ తెరిచే పని లేకుండా, వివరణను డేటాబేస్‌లోంచే జాయిన్ చేసి చూసుకోవచ్చు. చిన్నదే గానీ అర్ధరాత్రి సపోర్ట్‌లో ఉన్నవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. వాక్యూమ్ రింగ్ డిఫాల్ట్ సైజు 256 కేబీ నుంచి 2 ఎంబీకి పెరిగింది కూడా 17లోనే. కాబట్టి 16, 17 మధ్య వాక్యూమ్ వరుసల అంకెలు తేడాగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

18లో అదే పేరు, వేరే అర్థం

17 నుంచే పోస్ట్‌గ్రెస్ పక్కపక్క బ్లాకులను కలిపి ఒకే రీడ్‌గా చదవడం మొదలుపెట్టింది. డిఫాల్ట్‌గా 128 కేబీ వరకు, అంటే ఒకేసారి 16 బ్లాకులు. కానీ 17లో వ్యూ మాత్రం బ్లాకులనే లెక్కపెట్టేది. 18లో రీడ్స్ అంటే నిజంగా ఎన్నిసార్లు చదివిందన్న లెక్క. ఎంత చదివిందన్నది రీడ్_బైట్స్ అనే కొత్త కాలమ్‌లో చూడాలి. రాతలకూ, పొడిగింపులకూ అలాగే బైట్స్ కాలమ్‌లు వచ్చాయి, ఒక్కో ఆపరేషన్ సైజు చెప్పే పాత ఆప్_బైట్స్ పోయింది.

సరైన మార్పే. అయితే దీని ప్రభావం ఎంతో లెక్కేసి చూడాలి. 1 జీబీ టేబుల్ అంటే 1,31,072 బ్లాకులు. మెమరీలో ఏమీ లేనప్పుడు మొత్తం చదివితే 17లో రీడ్స్ 1,31,072 పెరుగుతుంది. 18లో అన్నీ పూర్తిగా కలిస్తే 8,192 మాత్రమే. హిట్స్ మాత్రం ఇప్పటికీ బ్లాకుల్లోనే ఉంటాయి. అదే సమయంలో హిట్స్ కూడా 1,31,072 ఉన్నాయనుకుంటే, డ్యాష్‌బోర్డ్‌లో పాత ఫార్ములా 17లో 50 శాతం చూపించేది 18లో 94 శాతం చూపిస్తుంది. ఏదీ బాగుపడలేదు, భాగహారంలో పైన బ్లాకులు, కింద సగం వేరే కొలత. అప్‌గ్రేడ్ తర్వాత క్యాష్ అద్భుతంగా పనిచేస్తోందని మేనేజర్‌కు మెయిల్ పెట్టే ముందు, రీడ్_బైట్స్‌ను 8192తో భాగించి వాడండి.

18 అసలు విశేషం అసింక్రనస్ ఐఓ. ఇదివరకు బ్యాకెండ్ ఒక బ్లాక్ అడిగి, అది వచ్చేదాకా కూర్చునేది. ఇప్పుడు చాలా రీడ్‌లను ముందే పంపించి, వచ్చినవాటి మీద పని చేసుకుంటూ పోతుంది. డిఫాల్ట్‌గా దీనికి మూడు ఐఓ వర్కర్ ప్రాసెస్‌లు ఉంటాయి. లినక్స్‌లో ఐఓ_యూరింగ్ కూడా వాడొచ్చు. ఆ క్షణంలో దారిలో ఉన్న రీడ్‌లను చూపించడానికి పీజీ_ఏఐఓస్ అనే వ్యూ పెట్టారు. ఇది పోగుపడే లెక్క కాదు, ఆ నిమిషం ఫోటో లాంటిది. రోజువారీ గ్రాఫ్‌కు పెద్దగా పనికిరాదు. రీడ్‌లు ఎక్కడో ఇరుక్కుపోయాయన్న అనుమానం వచ్చినప్పుడు తెరవాల్సింది.

దీనివల్ల రీడ్_టైమ్ అర్థం కూడా మారింది. డిస్క్ ఆ పనికి ఎంత సమయం తీసుకుందన్నది ఇక అందులో ఉండదు. రీడ్‌లు పంపడానికి, తర్వాత వాటి కోసం ఎదురుచూడడానికి బ్యాకెండ్‌కు ఎంత పట్టిందన్నదే ఉంటుంది. డిస్క్ అదే వేగంతో ఉన్నా, రీడ్‌లు ముందే వచ్చి కూర్చుంటే ఈ అంకె చిన్నదవుతుంది. యూజర్ ఎంత ఆగాడన్నది కావాలంటే ఇది మంచి కొలత. స్టోరేజ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఐఓస్టాట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ టూల్ వైపే వెళ్లాలి.

వాల్, అంటే మార్పుల చిట్టా రాసే ఐఓ కూడా 18లో ఈ వ్యూలోకి వచ్చింది. అంతకుముందు పీజీ_స్టాట్_వాల్‌లో ఉన్న రాత, సింక్ కాలమ్‌లను అక్కడ తీసేశారు. సమయం కావాలంటే ట్రాక్_వాల్_ఐఓ_టైమింగ్ విడిగా ఆన్ చేయాలి. కమిట్లు నెమ్మదిగా ఉన్నప్పుడు ఏ రకం ప్రాసెస్ ఎన్ని ఎఫ్‌సింక్‌లు చేసిందో చూడ్డానికి ఇది నిజంగా ఉపయోగం.

ఇక ఎవరు అన్న ప్రశ్నను 18 ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్లింది. పీజీ_స్టాట్_గెట్_బ్యాకెండ్_ఐఓ అనే ఫంక్షన్‌కు ప్రాసెస్ ఐడీ ఇస్తే ఆ ఒక్క కనెక్షన్ చేసిన ఐఓ మాత్రమే చూపిస్తుంది. చెక్‌పాయింటర్, బ్యాక్‌గ్రౌండ్ రైటర్ లాంటివి ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి వాటికి ఇది పనిచేయదు, వాటి లెక్క అసలు వ్యూలోనే ఉంది. కనెక్షన్ తెగిపోతే దాని లెక్కా పోతుంది. మధ్యలో పీజీబౌన్సర్ లాంటి పూలర్ ఉంటే ఒక్క ప్రాసెస్‌ను చాలామంది క్లయింట్లు వంతులవారీగా వాడతారు కాబట్టి, దొరికిన ప్రాసెస్ ఐడీ ఏ అప్లికేషన్‌దో అంత తేలిగ్గా తేలదు. అప్పుడు క్వెరీల వారీగా లెక్కలు చూపే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ తెరిచి, ఎక్కువ బ్లాకులు చదివిన క్వెరీలను ఇక్కడి వరుసలతో పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. ఏ క్వెరీ ఏ కాంటెక్స్ట్‌లో చదివిందో కలిపి చూపించే వ్యూ 18లో కూడా లేదు.